ఒకటో మిషను లేచినాక

అనంతపురంలో కరువు పనుల ఆఫీసు, మేడమీద కంప్యూటర్ గది. 1988 ఎండాకాలం, పొద్దున పదకొండు దాటింది. రెండు మిషన్లు, రెండింటికీ నడుమ బీరువా అంత డిస్కు. ఒకటో మిషను ముందు కూర్చున్నది మారెక్క, ఆ ఆఫీసు ఆపరేటరు. పక్కన నిలబడింది జయరాముడు, మిషన్లు అమ్మిన బెంగళూరు కంపెనీ మనిషి. సొంతూరు గోరంట్ల కావడంతో వచ్చిన రోజే ఆమెను అక్కా అన్నాడు.

"మళ్ళా చెప్పక్కా. మొదట్నుంచీ."

"ఎన్నిసార్లు చెప్పల్ల జయరామూ? నిన్న పొద్దున కొండకిందపల్లికి ఒక నీళ్ళ ట్యాంకరు అని ఈ మిషన్లో కొట్టినా. ఒకటే కొట్టినా. ఆమీద బూరుగుకుంటకు ఒకటి కొట్టినా. మధ్యాన్నం డ్రైవర్లు తీసుకపోయిన కాగితంలో కొండకిందపల్లికి రెండు ఉండాయి. బూరుగుకుంటకు లేనే లేదు."

"బూరుగుకుంట కొట్టడం మర్చిపోయింటావేమో."

"నువ్వూ అదే అంటాండావా?"

"నేననడం లేదు. పెద్దసారు అడుగుతాడు. అడిగితే ఏం చెప్తావో వింటాండా."

"ఆయన అడిగేదేముంది, అనేసినాడు కదా. పొద్దున ఇంతమంది ముందర. 'ఏం మారెక్కా, కొండకిందపల్లి నీ పుట్టినూరంట, సారె కింద ట్యాంకరు పంపినావా' అని. అందరూ నవ్వినారు."

"నిజంగా నీ పుట్టినూరేనా?"

"పుట్టినూరే. అయితే? మా నాయన పోయినాక ఆడ నాకు చెంబుడు నీళ్ళిచ్చేవాళ్ళు లేరు. సారె పంపుతానంట సారె."

"ఇప్పుడు యాడ ఉండాడు సారు?"

"బూరుగుకుంటోళ్ళు కదిరి రోడ్డుమీద బిందెలు అడ్డం పెట్టి కూచున్నారంట. ఆడికి పోయినాడు. ఒంటిగంటకు వస్తాడు. వచ్చేలోపల తప్పు మిషనుదని చూపితే సరి. లేదంటే ఈపొద్దే ఇంటికి పొమ్మన్నాడు."

"అట్లెట్ల పంపుతాడు? సర్కారు ఉద్యోగం కదా."

"నా ఉద్యోగం అట్లాంటిది కాదప్పా. మా ఆయన ఎర్రిస్వామి ఈ ఆఫీసులోనే గుమాస్తా. ఆయన పోయినాక, పెండ్లాన్ని కదా అని ఆయన బదులు నాకిచ్చినారు. పోయిన సంవత్సరమే. దయతలిచి ఇచ్చింది ఎప్పుడైనా తీసుకుంటారు. ఇంట్లో అత్త ఉండాది. పాప పాలిటెక్నిక్ చదువుతాండాది. ఈ కుర్చీ లేకపోతే మళ్ళా చెనిక్కాయల మిల్లే."

"సరే. గాబరా పడకు. బూరుగుకుంట ఈ మిషన్లోనే కొట్టినావా?"

"కాదు, ఆ రెండోదాంట్లో."

"ఏంటికి లేచి ఆడికి పోయినావు?"

"దీన్ని నిలిపినా కదా."

"నిలిపినావా?"

"ఈ లైనుకు ఓల్టేజి పడింది, దానిది వేరే లైను. నిలిపినా."

"ఎట్ల నిలిపినావు?"

"ఇదో, ఈ ఎర్రమీట కిందికి ఒత్తినా. లైట్లు బాగా ఎలిగినాక మళ్ళా పైకి ఎత్తినా. ఏమట్ల చూస్తాండావు?"

"ఈ సంగతి ఇంతసేపూ ఏంటికి చెప్పలేదక్కా?"

"చెప్పేదేముంది? దినమూ చేసేదే. మబ్బు పడితే గుడ్డలు తీస్తాం, ఓల్టేజి పడితే మీట ఒత్తుతాం. ఆడ బావుల మోటార్లు వేస్తే ఈడ లైటు దీపం మాదిరి అయిపోతాది. మీట ఒత్తకపోతే కాలిపోతాదని మీ వాడే చెప్పినాడు, మిషను బిగించేదానికి వచ్చినప్పుడు."

"మా వాడా?"

"మీ వాడే. బట్టతలాయన. ఇంత సంగటి తిని, బాగుందమ్మా అని చెప్పి పోయినాడు."

"మా బెంగళూరులో ఆ మీట ఎవరూ ముట్టరు. అందుకే ఈ తప్పు ఆడ ఒక్కసారి కూడా కనపడలేదు."

"అంటే తప్పు నాదే అంటావా?"

"కాదు. ఉండు. ఆలోచించనీ."

"ఆలోచించు, కానీ నోరు తెరిచి ఆలోచించు."

"చూడక్కా. రెండు మిషన్లు, డిస్కు ఒకటే. ఇద్దరూ ఒకేసారి రాస్తే గలీజయితాది. అందుకని ఫైలుకు ఒక తాళం పెట్టినాం. తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే రాయల్ల. రాయకముందు, ఏం రాయబోతాండామో చిట్టాలో ఎక్కించుకోవల్ల."

"చిట్టా అంటే అంగడిలో మాదిరా?"

"అదే. అంగడాయన పొద్దంతా చిట్టాలో గీకి పెట్టుకోని, దీపం పెట్టినాక ఆవర్జాలో ఎక్కిస్తాడే, అట్ల. నడుమ ఒక మిషను చస్తే, రెండోది దాని తాళం తీసుకోని, దాని చిట్టా చూసి, మిగిలిన పని పూర్తి చేస్తాది."

"చచ్చిందని దానికెట్ల తెలుస్తాది?"

"ఒకదాన్నొకటి పలకరించుకుంటా ఉంటాయి. ఉండావా అంటే ఉండా అనల్ల. కొంచేపు పలకలేదా, చచ్చిందని లెక్క."

"పలకకపోతే చచ్చినట్టేనా?"

"మిషన్ల లెక్కలో అంతే."

"మనుషుల లెక్కలో ఏడేండ్లు."

"ఏమంటివి?"

"ఏం లేదు. చెప్పు."

"నువ్వు మీట ఒత్తినప్పుడు ఇది చావలేదక్కా. నిద్రపోయింది. తాళం చేతిలో పెట్టుకోనే నిద్రపోయింది. కొండకిందపల్లి అని చిట్టాలో రాసుకునింది, ఫైల్లో ఇంకా ఎక్కించలేదు. ఆ రెండోది పిలిచి పిలిచి, చచ్చిందనుకోని, తాళం తాను తీసుకోని కొండకిందపల్లిని తానే ఎక్కించింది. నువ్వు పోయి దాని కిందనే బూరుగుకుంట కొట్టినావు. అంతవరకూ అంతా సక్కగానే ఉండాది."

"ఆమీద నేనొచ్చి దీన్ని లేపినా."

"లేపినావు. లేచినదానికి తెల్లారిందని తెలీదు. తాళం ఇంకా నాదే అనుకుంటాది. కొండకిందపల్లి దాకా రాసి పెట్టుకున్న తన పాత పేజీ తెచ్చి కొత్త పేజీమీద పరిచేసింది. బూరుగుకుంట దానికింద పడిపోయింది. అది ఒక తప్పు. ఇంకోటి చిట్టాది. పని పూర్తి చేసినాక రెండోది ఆ వరుస కొట్టెయ్యల్ల. కొట్టెయ్యలేదు. ఇది లేచి చూస్తే వరుస అట్లనే ఉండాది. మిగిలిపోయిందనుకోని మళ్ళా కొండకిందపల్లినే ఎక్కించింది."

"అందుకే రెండు."

"అందుకే రెండు. అనుకుంటాండా. చూపితే కదా నిజం."

"అయితే చూపు. ఏంటికి కూచున్నావు?"

"మారెక్కమ్మా."

"ఏం పాపన్నా, గేటు ఇడిచి పైకొచ్చినావు?"

"గేటుకాడ నీకోసం ఎవరో వచ్చినారు."

"ఎవరు?"

"పేరు చెప్పడు. ముసలాయప్ప. కన్నడం కలిపి మాట్లాడతాడు."

"కూలిదుడ్లు రాలేదని వచ్చింటాడు. కింద సెక్షన్లో అడగమను."

"కూలిదుడ్లు కాదంట. నువ్వేనంట."

"ఇప్పుడు తీరిక లేదని చెప్పు. జయరామూ, ఏం కొట్టల్లో చెప్పు."

"ఉత్త ఫైలు ఒకటి తెరిచినా. మొదట కొండకిందపల్లి కొట్టు. నేను ఆపు అన్నప్పుడు మీట ఒత్తు. ముందర కాదు, ఎనక కాదు."

"సరే."

"కొట్టు... కొట్టు... ఆపు."

"ఒత్తినా."

"ఇప్పుడు గమ్మున చూస్తా ఉండు. రెండోదాని తెర చూడు."

"ఏం రాలేదు."

"వస్తాది. అది పిలుస్తాండాది. ఇది పలకదు కదా."

"ఎంతసేపు పిలుస్తాది?"

"మేము పెట్టినంతసేపు."

"వచ్చింది. ఒకటో మిషను లేదు, తాళం నేను తీసుకుంటాండా అని వచ్చింది."

"కొండకిందపల్లి ఎక్కించిందా?"

"ఎక్కించింది. ఒకటే ఉండాది."

"ఇప్పుడు దాంట్లో బూరుగుకుంట కొట్టు."

"కొడతాండా."

"అమ్మా, ఆయప్ప పోలేదు. పొమ్మంటే నవ్వుతాడు."

"పాపన్నా, నేను నీకేం చెప్పినా?"

"చెప్పినావు, నేనూ చెప్పినా. ఆఫీసు ఈ బిల్డింగుకు ఎప్పుడు మార్చినారు అని అడుగుతాడు. నేనొచ్చి రెండేండ్లు, నాకేం తెలుసు. ఏదన్నా చెప్తే కోడిపుంజు మాదిరి మెడ వంచి వింటాడు."

"అక్కా, ఏం కొట్టినావది? బూరుగుకుంట అని కొట్టమంటే."

"ఆ. తప్పు పడింది. మళ్ళా కొడతా. పాపన్నా, మెడ ఏ పక్కకు వంచుతాడు?"

"ఏ పక్కకంటే? ఇట్ల. కుడిచెవి ముందుకు పెట్టి."

"నీళ్ళిచ్చినావా ఆయనకు?"

"నీళ్ళా? మన కుండే అడుగంటింది."

"ఆ కిటికీలో నా చెంబు ఉండాది. తీసుకపోయి ఇయ్యి."

"అది నీకు సాయంత్రందాకా పెట్టుకునింది కదమ్మా."

"ఇయ్యమంటే ఇయ్యి. నీడలో కూచోమను."

"తెలిసినాయప్పా అక్కా?"

"కొట్టినా జయరామూ. బూరుగుకుంట. చూడు, సరిగ్గా పడిందా?"

"పడింది. ఇప్పుడు ఒకటోదాన్ని లేపు. లేదంటే నేను లేపనా?"

"వద్దు. నిన్న లేపింది నేనే. ఈపొద్దూ నేనే లేపుతా."

"ఎత్తు."

"ఎత్తినా."

"ఇప్పుడు కాగితం తియ్యి. చదువు."

"కొండకిందపల్లి. కొండకిందపల్లి."

"బూరుగుకుంట?"

"లేదు."

"చూసినావా? నీ చేతితో ఒక్కసారి కొట్టినావు, నా కండ్ల ముందర. ఇదీ సంగతి. ఇంక నవ్వక్కా. తప్పు మిషనుదే."

"చూసినా. నవ్వు రాలేదు."

"ఏమయింది? పెద్దసారు వస్తే ఇదే చేసి చూపిస్తాం."

"చూపితే ఏమంటాడు? ఇట్లాంటి మిషను నాకొద్దు, మూల పెట్టండి అంటాడు. మిషనును మూల పెడితే మిషనుమీద ఉన్నదాన్ని కుర్చీలో పెడతాడా? మధ్యాన్నం ట్యాంకర్లు కూడా సరిగ్గా పోవల్ల. మందు కూడా చూపల్ల."

"మందు ఉండాది. గంటన్నర లేదు మనకు."

"మరి మాట్లాడేది ఇడిచి రాయి."

"రాస్తాండా. చిట్టా తప్పు సులభం. పని పూర్తయినాక వరుస కొట్టెయ్యి, అంతే. ఇదో, అయిపోయింది. తాళం తప్పే తిప్పలు. రెండు దార్లుండాయి. మొదటిది, ఒకటో మిషను పలకలేదంటే, తాళం తీసుకోకముందే దానికీ డిస్కుకూ నడుమ తీగ పీకెయ్యడం. లేచినా దానికి చెయ్యి ఆడదు. సులభం."

"రెండోది?"

"తాళం చేతులు మారినప్పుడంతా దానికి ఒక నంబరు పెరగల్ల. ఎవరు రాయబోయినా ముందు, నా నంబరు ఇంకా నడుస్తాండాదా అని డిస్కును అడగల్ల. పాత నంబరైతే రాయనీదు. అది కష్టం. కానీ తీగ పీకేదానికి మనిషి కావల్ల, కాబట్టి రెండోదే రాస్తాండా."

"రాయి."

"మాట్లాడక్కా. నువ్వు గమ్మునుంటే నా చేతులాడవు. బావ ఎట్ల పోయినాడు?"

"పోయింది ఎవరు చూసినారు?"

"అంటే?"

"తొమ్మిదేండ్ల కిందట ఒక పొద్దు ఆఫీసుకని బయల్దేరినాడు. అప్పుడు ఆఫీసు కొత్తూరులో. సద్ది కట్టిస్తే తీసుకోని పోయినాడు. బీరువా తాళంచెవి జేబులో పెట్టుకోని పోయినాడు. ఆఫీసుకు రాలేదన్నారు. బళ్ళారి, బెంగళూరు, యాడ కూలికి పోతారో ఆడంతా వెతికినాం. చెవి ఒకటి సరిగా వినపడదు ఆయనకు. ఏ లారీ కిందనో పడినాడేమో అన్నారు."

"గలాటా ఏమన్నా జరిగిందా ఇంట్లో?"

"ఇంట్లో లేదు. అప్పుడు కరువు. కూలోళ్ళ హాజరు రాసే పని ఆయనది. పని ఇయ్యి, పేరు రాయి అని వందమంది మీద పడేవాళ్ళు. రాసేదానికి ఇంతమందే అని పైనుంచి లెక్క. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందర పెట్టుకోని కూచునేవాడు. తినేవాడు కాదు."

"చెప్పకుండా పోతాడా దానికి?"

"నన్నడిగితే? నేను పోయినానా?"

"సరే సరే. ఆమీద?"

"ఏడేండ్లు దాటితే చచ్చినట్టే లెక్క అని వకీలు చెప్పినాడు. కోర్టు కాగితం వచ్చింది. అయినా ఆఫీసులో, 'కర్మ చేసినావా, చేయకపోతే నువ్వే నమ్మలేదని కదా' అన్నారు. గడ్డిబొమ్మ చేసి కాల్చినారు. గాజులు పగలగొట్టినారు. అత్త ఆపొద్దు ఊర్లో ఉండనని నల్లమాడలో కూతురింటికి పోయింది. ఆమె ఇప్పటికీ నాతో ఆ మాట ఎత్తదు. నేను తెచ్చే జీతంతో అన్నం తింటాది, ఆ మాట మటుకు ఎత్తదు."

"నువ్వు నమ్మినావా అక్కా?"

"పాపకు ఫీజు కట్టల్ల. నమ్మినా."

"అయిపోయింది. రాసినా. ఇది తయారయ్యేదానికి కొంచేపు పడతాది. టైమెంత?"

"పన్నెండు కొట్టింది."

"ఇప్పుడు మళ్ళా అదే ఆట. కొండకిందపల్లి కొట్టు. ఆపు."

"ఒత్తినా."

"రెండోది తాళం తీసుకునిందా?"

"తీసుకునింది. నంబరు పెరిగింది. బూరుగుకుంట కొడతాండా. పడింది."

"లేపు."

"లేపినా. జయరామూ, ఏమో అంటాండాది. 'తాళం నీది కాదు' అని వచ్చింది."

"అబ్బ. కాగితం తియ్యి."

"కొండకిందపల్లి. బూరుగుకుంట. ఒక్కొక్కటే."

"చూసినావా? గెలిచినాం."

"ఉండు. దీంట్లో ఇంకొక ఊరు కొడతాండా. పడడం లేదు. ఏం కొట్టినా 'తాళం నీది కాదు' అంటాది."

"అంటాది. పాత తాళం పట్టుకోనే ఉండాది కదా, రాయనీదు."

"ఎంతసేపు?"

"ఎంతసేపైనా. చచ్చినట్టే లెక్క. అట్లనే పడి ఉండనీ. ఫైలు సురక్షితం, అది చాలు."

"చాలా? దినానికి నాలుగుసార్లు ఓల్టేజి పడతాది. మొదటిసారికే ఒకటోది ఇట్ల కూచుంటే, సాయంత్రందాకా ఒక్క మిషనుతో నూరు ఊర్లు ఎట్ల కొడతా? పెద్దసారు చూసేది కూడా అదే."

"మారెక్కమ్మా."

"మళ్ళా ఏం?"

"నీళ్ళు తాగినాడు. సగమే తాగినాడు. చాలు, ఆమెకు పెట్టు అన్నాడు. ఈ తాళంచెవి నీ చేతిలోనే పెట్టమన్నాడు. ఇంతకాలం నా దగ్గరే ఉండిపోయింది, ఇస్తే పోతా అన్నాడు."

"ఏదీ, చూపు."

"ఇత్తడి బిళ్ళ మీద తొమ్మిది అని ఉండాది. మన ఆఫీసు బీరువాదేనా?"

"ఈడ పెట్టు పాపన్నా. నువ్వు కిందికి పో."

"ఆయప్పను పొమ్మనల్లా?"

"నేను చెప్పేదాకా ఎవరికీ ఏం చెప్పొద్దు. పో."

"అక్కా? ఏం తాళంచెవి అది?"

"ఆ బీరువా తాళం అప్పుడే రంపంతో కోసినారు. కొత్తది వేసినారు. ఇది ఇప్పుడు దేనికీ పట్టదు."

"అక్కా, ఆయన—"

"పని చూడు జయరామూ."

"నువ్వు కుచ్చో."

"కూచునే ఉండా. ఒకటి అడుగుతా, చెప్పు. చచ్చిందనుకున్నది లేచింది. తాళం పోయింది, పని ఇంకొకరు చేస్తాండారు. అది చేసిన తప్పేమీ లేదు, నిద్రపోయింది. ఇప్పుడు దాన్నేం చెయ్యల్ల?"

"మిషను గురించే కదా అడిగేది?"

"మిషను గురించే."

"చెప్పినా కదా, పక్కన పడి ఉండనీ అని."

"అది కాక?"

"అది కాకంటే... మళ్ళా చేర్చుకోవచ్చు. కానీ పాత తాళంతో కాదు. పాతది పారెయ్యల్ల. గుర్తుండే పేజీలన్నీ పారెయ్యల్ల. ఏమీ తెలీనట్టు, కొత్తగా బిగించిన మిషను మాదిరి వచ్చి, నేనుండా, చేర్చుకో అని రెండోదాన్ని అడగల్ల. అది ఒప్పుకుంటే కొత్త నంబరు ఇస్తాది."

"మా ఊర్లో ఒక కట్టుబాటు ఉండాది."

"ఏం కట్టుబాటు?"

"కర్మ చేసినాక మనిషి తిరిగొస్తే నేరుగా గడప తొక్కనీరు. బయటే నిలబెట్టి తలమీద నీళ్ళు పోస్తారు. చేతిలో ఏముంటే అది ఆడనే పెట్టిస్తారు. పాత పెత్తనం లేదు, పాత బాకీ లేదు. అప్పుడే పుట్టినోడి మాదిరి ఉత్తచేతుల్తో లోపలికి రావల్ల. పెండ్లాం మెడలో మళ్ళా కట్టల్ల, అదీ ఆమె సరేనంటేనే. మా అవ్వ చెప్తాండె. నేను చూడలేదు ఎప్పుడూ. అట్ల రాసేదానికి నీకు టైము చాలుతాదా?"

"నాలుగు వరుసలు. చాలుతాది."

"రాయి."

"అక్కా, నేనేమీ వినలేదు. పాపన్నకేమీ తెలీదు. ఈ ఆఫీసులో బావను చూసినవాళ్ళు ఎవరన్నా ఉండారా?"

"పెద్దసారు కొత్త. గుమాస్తాల్లో ఇద్దరున్నారు, వాళ్ళు రోడ్డుకాడికి పోయినారు సారుతో."

"అయితే వాళ్ళు రాకముందే—"

"రాయమన్నా కదా."

"రాసినా. తయారయితాండాది. అక్కా, కోర్టు కాగితం అబద్ధమని తేలితే ఉద్యోగం నిలబడదు. నీకు తెలుసు కదా?"

"నాకు తెలీకనా. కొట్టమంటావా?"

"కొట్టు. కొండకిందపల్లి. ఆపు."

"ఒత్తినా. రెండోది తాళం తీసుకునింది. బూరుగుకుంట పడింది. ఇప్పుడు లేపుతాండా."

"ఏమంటాది?"

"తాళం నీది కాదు అనింది. ఆగింది. జయరామూ, ఆగిపోయింది."

"ఆగనీ. పాతవన్నీ పారేస్తాండాది. చూడు."

"'చేర్చుకో' అనింది."

"రెండోది?"

"ఏం పలకదు."

"పలుకుతాది. ఉండు."

"పలకలేదు... పలికింది. నంబరు ఇచ్చింది."

"ఇప్పుడు ఒకటోదాంట్లో ఇంకొక ఊరు కొట్టు. ఏదైనా."

"నల్లమాడ అని కొడతాండా. పడింది."

"కాగితం?"

"కొండకిందపల్లి, బూరుగుకుంట, నల్లమాడ. ఒక్కొక్కటే."

"అయిందక్కా. ఇంక పది సార్లు మీట ఒత్తినా ఏం కాదు. పెద్దసారు వచ్చి నిలబడి చూసినా సరే."

"జీపు చప్పుడు."

"రానీ. గండం గడిచింది. నువ్వు మటుకు ఒక్కమాట విను. ఆయన్ని ఈ దినం యాడన్నా ఉండమందాం. నా లాడ్జి రూముంది, తాళం ఇస్తా. తినేదానికి దుడ్లిస్తా. ఆమీద నిదానంగా—"

"తీగ పీకెయ్యమంటావు."

"నేనట్లనలేదు."

"పొద్దున నువ్వే అన్నావు, అది సులభమని."

"మిషను గురించి అన్నా. పాప చదువు ఇంకెంత ఉండాది?"

"ఒక సంవత్సరం."

"ఒక్క సంవత్సరం అక్కా. తొమ్మిదేండ్లు యాడుండాడో ఆడ ఇంకొక సంవత్సరం ఉండలేడా?"

"ఉంటాడు. పొమ్మంటే పోతాడు. ఇస్తే పోతా అన్నాడంట కదా. సగం నీళ్ళు నాకు మిగిల్చినాడు."

"మరి?"

"నిన్నట్నుంచీ నేనేమని మొత్తుకుంటాండా? ఒక ఊరికి పోవల్సింది ఇంకొక ఊరికి రాసి పంపినానన్నారు, నేను రాయలేదు అని. ఈపొద్దు నా ఇంటికి రావల్సినాయన్ని నిజంగానే ఇంకొక చోటికి రాసి పంపమంటావా?"

"మారెక్కమ్మా. పెద్దసారు దిగినాడు. ఆ ముసలాయప్పను చూసి ఎవరీయన, ఏం పని ఈడ అని అరుస్తాండాడు. ఏం చెప్పల్ల?"

"దారి తప్పి వచ్చినాడని చెప్పు పాపన్నా. ఎనక గేటునుంచి—"

"నువ్వు గమ్మునుండు జయరామూ. పాపన్నా, నా చెంబులో నీళ్ళు ఇంకా ఉండాయా?"

"సగం ఉండాయి. గేటుకాడనే పెట్టినా."

"పేరు ఎర్రిస్వామి, మారెక్క మొగుడు అని సారుతో చెప్పు. ఆ నీళ్ళు ఆయన తలమీద పోసి, ఉత్తచేతుల్తో పైకి తోడుకోని రా."